బెంగళూరులో మన డబ్బు: ఏ బ్యాంకు, పడే మార్కెట్‌తో ఏం చేయాలి – తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళికి వచ్చి పదమూడేళ్ళయింది. సొంతూరు హిందూపురం పక్కన. కంపెనీల లెక్కలు రాసే ఉద్యోగం కాబట్టి లిఫ్టులోనో, శుక్రవారం రాత్రి ఊరి బస్సులోనో ఎవరో ఒకరు ఆపి డబ్బు సంగతి అడుగుతుంటారు. ఎక్కువసార్లు విన్న ప్రశ్నలు ఇక్కడ రాశాను. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర నమోదైన సలహాదారుని కాను, కాబట్టి ఏ షేరు కొనాలన్నది ఇందులో వెతక్కండి.

ఆధార్‌లో ఊరి అడ్రసే ఉంది, ఉండేది పీజీలో. ఇక్కడ ఖాతా ఇస్తారా?

ఇస్తారు. ఆధార్‌తో ఖాతా తెరిచేటప్పుడు ప్రస్తుతం ఉంటున్న చిరునామా వేరే అయితే, "ఇక్కడ ఉంటున్నాను" అని మీరే రాసి సంతకం పెట్టిచ్చే కాగితాన్ని ఆర్బీఐ నిబంధనలు ఒప్పుకుంటాయి. కౌంటర్‌లో మాత్రం రెంటల్ అగ్రిమెంట్ అడుగుతారు. పీజీ ఓనరేమో అది ఇవ్వడు. అప్పుడు గొడవకు దిగకుండా, ఆ సంతకం కాగితం తీసుకోమని మేనేజర్‌ను అడగండి, చాలాచోట్ల పనైపోతుంది.

అసలు కొత్త ఖాతా మీకు కావాలా అన్నది ముందు చూసుకోండి. కదిరిలో తెరిచిన ఖాతా వైట్‌ఫీల్డ్‌లోనూ పనిచేస్తుంది. ఇక్కడి బ్రాంచితో గట్టిగా పనిపడేది లాకరుకు, ఇంటి అప్పుకు, పెద్ద చెక్కులకు. ఒక చిన్న తేడా గుర్తుంచుకోండి. బెంగళూరు మెట్రో నగరం లెక్క కాబట్టి వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు మూడుసార్లే ఉచితం, మన ఊళ్ళో అయితే ఐదు. అది దాటితే 2025 మే నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా పడుతుంది, పన్ను అదనం.

ఉద్యోగం మారినవాళ్ళు పాత శాలరీ ఖాతాను అలాగే వదిలేస్తుంటారు. కొన్ని నెలలు జీతం పడకపోతే అది మామూలు సేవింగ్స్ ఖాతాగా మారుతుంది, కనీస నిల్వ లేదని కోత మొదలవుతుంది. స్టేట్ బ్యాంకు ఆ కోతను 2020 మార్చిలో, కెనరా బ్యాంకు 2025 జూన్‌లో ఎత్తేశాయి. ప్రైవేటు బ్యాంకుల్లో ఇంకా ఉంది.

ఏ బ్యాంకు మంచిది? ఇక్కడివాళ్ళ బ్యాంకా, మన బ్యాంకా?

"ఇక్కడి", "మన" అనే మాటలకు ఇప్పుడు పెద్దగా అర్థం లేదు. విశ్వేశ్వరయ్య చొరవతో 1913లో పుట్టిన మైసూరు బ్యాంకు 2017లో స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. ఎం.జి. రోడ్డులో హెడ్డాఫీసు ఉన్న విజయా బ్యాంకు 2019లో బరోడాలో కలిసింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన మన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలోకి వెళ్ళింది. 1906లో మంగళూరులో మొదలైన కెనరా ఒక్కటే తన పేరుతో జె.సి. రోడ్డులో నిలబడి ఉంది.

మా నాన్న ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంకుకు పోయొస్తా" అంటాడు. ఆయన పాస్‌బుక్కు ప్లాస్టిక్ కవరు మీద ఆ పేరే ఉంది, లోపల పుస్తకం మాత్రం యూనియన్ బ్యాంకుది. ఆ కవరు ఉండనివ్వండి, పాత చెక్కుబుక్కు మాత్రం తీసి పారేయండి. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు చెల్లవు. షేర్లు ఉండే డీమ్యాట్‌కు, పీఎఫ్‌కు, ఇన్సూరెన్సుకు ఎక్కడెక్కడ పాత కోడ్ ఇచ్చారో వెతికి మార్చుకోవాలి. డబ్బు అవసరమై షేర్లు అమ్మిన రోజున అది పాత కోడ్ దగ్గర ఇరుక్కుంటే ఎంత చిరాకో చూశాను.

నన్నడిగితే బ్యాంకు పేరు కంటే బ్రాంచి ముఖ్యం. ఒక ఖాతా పెద్ద ప్రభుత్వ బ్యాంకులో, ఇంటికి నడిచి వెళ్ళే దూరంలో పెట్టుకోండి. రోజువారీ యూపీఐకి ఇంకో బ్యాంకులో రెండో ఖాతా. మూడోది అక్కర్లేదు. భాష గురించి బెంగ వద్దు, పాత పేటల్లో సగం కౌంటర్లలో తెలుగు అర్థమవుతుంది, మనం "నమస్కార సార్" అంటే చాలు.

స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు, సహకార బ్యాంకులు వడ్డీ ఎక్కువిస్తాయి కదా, పెట్టొచ్చా?

ఇక్కడ మూడు రకాలు ఉన్నాయి. జనం మూడింటినీ ఒకే గాటన కడతారు.

స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు ఆర్బీఐ లైసెన్సుతో నడిచేవి. ఉజ్జీవన్, జన రెండింటి ప్రధాన కార్యాలయాలూ బెంగళూరులోనే. పెద్ద బ్యాంకులకు ఉన్న డిపాజిట్ బీమాయే వీటికీ ఉంది. ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా. 2020 ఫిబ్రవరికి ముందు ఇది లక్షే. అన్ని బ్రాంచీలూ కలిపే లెక్క, అంటే అనంతపురం బ్రాంచిలో మూడు, మారతహళ్ళి బ్రాంచిలో మూడు పెడితే ఆరు కాదు, బీమా ఐదుకే. ఇద్దరి పేర్లతో ఉన్న జాయింటు ఖాతాకు విడిగా లెక్క కడతారు.

రెండోది పట్టణ సహకార బ్యాంకు. వీటికీ ఈ బీమా ఉంది, కానీ బ్యాంకు తడబడితే మన డబ్బు కొంతకాలం చేతికి రాదు. బసవనగుడిలోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకు మీద 2020 జనవరిలో ఆర్బీఐ ఆంక్షలు పెట్టినప్పుడు ఒక్కో ఖాతాదారు తీసుకోగలిగింది 35,000 రూపాయలే. అక్కడ దాచుకున్నవాళ్ళలో పింఛనుదార్లు ఎక్కువ. ఇలా బ్యాంకు స్తంభిస్తే 90 రోజుల్లో బీమా సొమ్ము ఇవ్వాలని ఆ తర్వాత 2021లో చట్టం మార్చారు.

మూడోది సౌహార్ద సహకారి, క్రెడిట్ సొసైటీ. బోర్డు మీద ఎంత పెద్ద అక్షరాలున్నా ఇది బ్యాంకు కాదు, డిపాజిట్ బీమా లేదు. వీధి చివర ఏసీ ఆఫీసు, క్యాలెండరు, తెలుగు మాట్లాడే ఏజెంటు చూసి మనవాళ్ళు ఇందులోనే పెడతారు. మా బిల్డింగులో ఒకాయన కూతురి చదువుకని దాచింది ఇలాంటి చోటే ఇరుక్కుంది. నేనైతే ఒక్క రూపాయి పెట్టను. బోర్డు మీద "బ్యాంకు" అనే మాట ఉందా, డిపాజిట్ బీమా బ్యాంకుల జాబితాలో ఆ పేరు ఉందా చూసుకోండి.

మరి చీటీ?

పొదుపు అలవాటుకు చీటీ మంచిదే, వడ్డీ కోసం మాత్రం వేయకండి. 1982 చీటీల చట్టం కింద రిజిస్టరైన కంపెనీ కావాలి. కర్ణాటక ప్రభుత్వ సంస్థ ఎంఎస్ఐఎల్ కూడా చీటీలు నడుపుతుంది, ఆ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. నిర్వాహకుడి కమీషన్ 7 శాతం మించకూడదు. పక్కింటి ఆంటీ నడిపే చీటీకి రసీదు లేదు, ఆమె మంచితనమే పూచీ.

షేర్ మార్కెట్ పడితే బ్యాంకులో ఉన్న డబ్బు కూడా పోతుందా?

పోదు. బ్యాంకులో మీరు పెట్టింది బ్యాంకు మీకు బాకీ ఉన్న డబ్బు. బ్యాంకు షేరు కొంటే ఆ బ్యాంకు వ్యాపారంలో మీరు భాగస్థులు. ఈ రెండూ ఎంత వేరో 2020 మార్చిలో యెస్ బ్యాంకు చూపించింది. మార్చి 5 సాయంత్రం ఆర్బీఐ లావాదేవీలు ఆపేసి 50,000 కంటే ఎక్కువ తీయకూడదంది. 18వ తేదీకల్లా ఆంక్ష ఎత్తేశారు, స్టేట్ బ్యాంకు, మరికొన్ని బ్యాంకులు పెట్టుబడి పెట్టాయి. డిపాజిట్ వేసినవాళ్ళకు రూపాయి కూడా పోలేదు. షేరు కొన్నవాళ్ళ కథ వేరు, 2018 ఆగస్టులో 400 దగ్గర ఉన్న షేరు ఆ వారంలో 20 రూపాయల లోపుకు వచ్చింది. ఎక్కువ వడ్డీకి ఆశపడి "ఏటీ1" బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగల అప్పు పత్రాలు) కొన్నవాళ్ళవి 8,415 కోట్లు ఒక్క దెబ్బకు రద్దు చేశారు, ఆ గొడవ కోర్టులకెక్కింది. ఆ బాండ్లు కొన్నవాళ్ళలో "ఎఫ్‌డీ లాంటిదే" అని చెబితే నమ్మినవాళ్ళు ఉన్నారు. కౌంటర్‌లో ఆ మాట వినబడితే లేచి వచ్చేయండి.

"ఒక్క రోజులో పది లక్షల కోట్లు ఆవిరి" అంటారు. ఆ డబ్బు ఎక్కడికి పోయింది?

ఎక్కడికీ పోలేదు, చాలావరకు అది డబ్బే కాదు. మా అపార్ట్‌మెంటులో 120 ఫ్లాట్లు ఉన్నాయి. కిందటేడు ఒకాయన అమెరికా వెళ్ళే తొందరలో తన ఫ్లాటు ఐదు లక్షలు తగ్గించి అమ్మాడు. ఆ వారమంతా లిఫ్టులో అందరి ముఖాలూ వాడిపోయాయి, 120 ఫ్లాట్లకూ ఐదేసి లక్షల చొప్పున ఆరు కోట్లు పోయాయన్నమాట! నిజానికి చేతులు మారింది ఒక్క ఫ్లాటు. మిగతా 119 మంది ఆ రాత్రి కూడా అదే ఇంట్లో పడుకున్నారు. షేర్లదీ ఇదే లెక్క. ఆ రోజు అమ్మిన కొద్దిమంది ధరతో మొత్తం కంపెనీకి విలువ కడతారు. నష్టం అమ్మినవాడికే ఖాయమవుతుంది.

ఒక మినహాయింపు ఉంది. కంపెనీయే పాడైతే ఆ ధర తిరిగి రాదు. "అమ్మకపోతే నష్టం లేదు" అన్న మాట సూచీ (సెన్సెక్స్ లాంటిది, పెద్ద కంపెనీల షేర్లన్నీ కలిపి కట్టే లెక్క) మొత్తానికి చాలావరకు నిలబడుతుంది, ఒక్క షేరుకు నిలబడదు.

అసలు ఎందుకు పడుతుంది?

ఎప్పుడూ ఒకే కారణం ఉండదు. విదేశీ మదుపరులు అమ్ముకుని వెళ్ళిపోవడం ఒకటి. 2024 అక్టోబరులో వాళ్ళు మన షేర్లు సుమారు 94 వేల కోట్ల రూపాయలవి అమ్మేశారు. ఎన్నికల ఫలితాలు అనుకున్నట్టు రాకపోవడం ఇంకోటి, 2024 జూన్ 4న సెన్సెక్స్ 4,390 పాయింట్లు పడింది. అమెరికా సుంకాల భయంతో 2025 ఏప్రిల్ 7న 2,200 పాయింట్లకు పైగా పడింది. వీటన్నిటికంటే మామూలు కారణం, ధరలు లాభాల కంటే ముందు పరిగెత్తి అలిసిపోవడం. టీవీలో సాయంత్రం చెప్పే కారణం చాలాసార్లు పడిన తర్వాత వెతికి పట్టుకొచ్చినదే.

ఎంత పడొచ్చు? ఎన్నాళ్ళు?

2008 జనవరిలో 21,000 దాటిన సెన్సెక్స్ 2009 మార్చికి 8,200 లోపుకు దిగింది. మళ్ళీ 21,000 చూడటానికి 2010 నవంబరు దాకా పట్టింది. 2020లో జనవరిలో 42,000 దగ్గర ఉన్నది మార్చి 23న ఒక్క రోజులో 3,900 పాయింట్లకు పైగా పడి 26,000 కిందకు వచ్చింది. ఆ ఉదయం 10 శాతం పడగానే సర్క్యూట్ తగిలి మార్కెట్ 45 నిమిషాలు ఆగిపోయింది. మరుసటి జనవరిలో అదే సెన్సెక్స్ 50,000 తాకింది. 2024 సెప్టెంబరు చివర్లో ఇంకో సూచీ నిఫ్టీ 26,200 దాటి, 2025 ఏప్రిల్లో 22,000 కిందకు వెళ్ళొచ్చింది.

సగం పడితే తిరిగి అక్కడికి రావడానికి రెట్టింపు కావాలి, ఇది మరిచిపోతారు. స్మాల్‌క్యాప్‌లలో (చిన్న కంపెనీల షేర్లలో) ఈ బాధ ఎక్కువ. 2018 జనవరి నుంచి 2020 మార్చి దాకా ఆ సూచీ సగానికి పైగా కరిగింది. అంటే రెండేళ్ళు చూస్తూ కూర్చోవాలి.

మార్కెట్ పడుతోంది, సిప్ ఆపేయనా?

ఆపకండి. సిప్ అంటే నెలనెలా ఫండులో వేసే డబ్బు. నెలకు 5,000 పెడుతున్నారు, యూనిట్ ధర 100 ఉంటే 50 యూనిట్లు వస్తాయి. 80కి పడితే అదే 5,000కు 62న్నర. టమాటా ధర తగ్గితే ఇంకో కిలో కొంటాం, ఫండ్ దగ్గరే తలకిందులుగా ఆలోచిస్తాం. అయితే ఆ 5,000 ఇంటి అద్దెకు కావలసినది అయితే వెంటనే ఆపేయండి. దీని సంగతి కింద ఉంది.

బ్యాంకులో ఎంత ఉంచాలి, మార్కెట్లో ఎంత పెట్టాలి?

శాతాలు చెప్పను. డబ్బుకు తేదీ ఉందా లేదా అని చూస్తాను. పిల్లల ఫీజుకు జూన్ ఒకటి, ఇంటి అడ్వాన్సుకు ఇల్లు మారే రోజు, పెళ్ళికి ముహూర్తం. తేదీ ఉన్న డబ్బు బ్యాంకులో, తేదీ లేనిది మార్కెట్లో. మూడేళ్ళ లోపు తేదీ ఉంటే వడ్డీ తక్కువైనా ఎఫ్‌డీయే.

ఇది నాకు ఉచితంగా అబ్బిన జ్ఞానం కాదు. 2020 మేలో చెల్లెలి పెళ్ళి. నా వంతు 4 లక్షలు ముందే చేతిలో ఉన్నాయి. ఎఫ్‌డీ వడ్డీ ఏం గిడుతుందిలే అని జనవరిలో ఇండెక్స్ ఫండులో (సూచీతో పాటే పెరిగి తగ్గే ఫండు) వేశాను, నాలుగు నెలలకు. మార్చి రెండో వారానికి మూడున్నర కంటే తక్కువ చూపిస్తోంది. అమ్మ ఫోన్ చేసి కళ్యాణ మండపానికి అడ్వాన్సు ఎప్పుడు పంపుతావంటుంది, నేను "రేపు" అంటున్నాను. 24న చేతులు వణుకుతూ మొత్తం అమ్మేశాను, చేతికొచ్చింది 2 లక్షల 60 వేల చిల్లర. ఆ రాత్రే లాక్‌డౌన్ ప్రకటించారు, పెళ్ళి వాయిదా పడింది. తర్వాతి ఫిబ్రవరిలో యాభై మందితో జరిగింది. అప్పటికి సెన్సెక్స్ 50,000 చుట్టుపక్కల ఉంది. మండపం డబ్బుకు నేను ఆఫీసులో అడ్వాన్సు తీసుకున్నాను. చెల్లెలికి ఈ కథ ఇప్పటికీ తెలియదు.

అప్పుడు బ్యాంకులో ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీగా ఉండుంటే నేను ఆ రోజు అమ్మేవాణ్ణి కాదు. మార్కెట్ పడినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు సగం మీ బ్యాంకు పాస్‌బుక్కులోనే ఉంటుంది.

కంపెనీ ఇచ్చిన షేర్లు ఉన్నాయి. ఉంచుకోనా, అమ్మేయనా?

బెలందూరు నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా అడిగే ప్రశ్న ఇది. జీతం ఆ కంపెనీది, షేర్లు అదే కంపెనీవి, ఫ్లాటు ఈఎంఐ ఆ జీతం మీదే, ఆ ఫ్లాటు ధర కూడా ఈ ఐటీ జీతాల మీదే నిలబడింది. ఒకే కొమ్మకు నాలుగు ఉయ్యాలలు కట్టినట్టు. 2023 ఏప్రిల్ 17న ఇన్ఫోసిస్ షేరు ఒక్క రోజులో 9 శాతానికి పైగా పడింది. అంతటి కంపెనీకే అలా జరిగింది. ఐటీ మందగిస్తే షేరు, ఇంక్రిమెంటు, ఒక్కోసారి ఉద్యోగం, మూడూ కలిసే దెబ్బతింటాయి. చేతికి అందగానే కొంత అమ్మి వేరేచోట పెట్టమనే నా సలహా. కంపెనీ మీద ప్రేమ ఉంటే ఆ ప్రేమ మేరకు ఉంచుకోండి.

బ్రోకర్ యాప్ మూతబడితే నా షేర్లు పోతాయా?

షేర్లు యాప్‌లో ఉండవు. ఎన్ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్ఎల్ అనే డిపాజిటరీలో మీ పేరు మీద ఉంటాయి. వాళ్ళు పంపే స్టేట్‌మెంట్ తెరిచి చూడండి. బ్రోకర్ దగ్గర ఊరికే పడి ఉన్న నగదు మాత్రం బ్యాంకుకు లాగేసుకోండి.

కెనరా హెడ్డాఫీసున్న జె.సి. రోడ్డులోనే ఒకప్పుడు బెంగళూరు స్టాక్ ఎక్స్ఛేంజి ఉండేదని కొత్తవాళ్ళకు తెలియదు. 1963 నాటిది, 2014లో సెబీ అనుమతితో మూసుకుంది. ఇప్పుడు జీరోధా, గ్రో లాంటి యాప్‌లు ఇదే ఊరినుంచి దేశమంతా నడుస్తున్నాయి.

ఎఫ్ అండ్ ఓ?

వద్దు. ఇది షేర్ల ధర మునుముందు ఎటు పోతుందో పందెం కాసే ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారం. సెబీ లెక్కలో 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో వందకు 93 మంది పోగొట్టుకున్నారు, అందరిదీ కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది.

నష్టానికి అమ్మాను. పన్నులో ఏమైనా కలిసొస్తుందా?

గడువు లోపు రిటర్ను వేస్తే ఆ నష్టాన్ని 8 ఏళ్ళ దాకా వచ్చే సంవత్సరాల్లోకి తీసుకెళ్ళొచ్చు. గడువు దాటితే లేదు. ఏడాది లోపు అమ్మిన నష్టాన్ని స్వల్పకాల, దీర్ఘకాల లాభాలు రెండింటిలోనూ తగ్గించుకోవచ్చు, ఏడాది దాటినదాన్ని దీర్ఘకాల లాభంలోనే. 2024 జులై 23 నుంచి స్వల్పకాల లాభం మీద 20 శాతం. దీర్ఘకాలానిది ఏడాదికి లక్షా పాతికవేలు దాటితేనే, దాటినదాని మీద 12.5 శాతం.

నాన్నగారు రిటైరయ్యారు, వచ్చిన డబ్బు మార్కెట్లో పెట్టనా?

ముందు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము నింపండి. 60 దాటినవాళ్ళకు 30 లక్షల దాకా, పోస్టాఫీసులోనో బ్యాంకులోనో. 8.2 శాతం చొప్పున 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. రేటు మూడు నెలలకోసారి ప్రభుత్వం ప్రకటిస్తుంది, కానీ మీరు చేరిన రోజు రేటే ఐదేళ్ళూ నడుస్తుంది. ఆ తర్వాత మిగిలితే మార్కెట్ మాట. ఆయన డబ్బుతో మన ధైర్యం చూపించకూడదు.

మోసపోయాను. ఎక్కడ చెప్పాలి?

వాట్సాప్ గ్రూపులో టిప్పులిచ్చి నకిలీ యాప్‌లో డబ్బు వేయించుకుంటే, ఆలోచించకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయండి. మొదటి గంట విలువైనది, డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే ఆపించగలరు. బ్యాంకు మీద ఫిర్యాదు ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా, 30 రోజుల్లో తేలకపోతే ఆర్బీఐ ఫిర్యాదుల అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు. బ్రోకర్ మీదైతే సెబీ ఫిర్యాదుల పోర్టల్ స్కోర్స్.

మా తాతకు మైసూరు బ్యాంకులో ఖాతా ఉండేదట. ఇప్పుడు ఎవరినడగాలి?

పదేళ్ళు కదలని డిపాజిట్లు ఆర్బీఐ దగ్గరి నిధికి వెళ్తాయి, కానీ వారసులు ఎప్పుడైనా అడగొచ్చు. 2023లో ఆర్బీఐ పెట్టిన ఉద్గమ్ పోర్టల్‌లో పేరు కొట్టి వెతకండి, మైసూరు బ్యాంకుకు బదులు స్టేట్ బ్యాంకు ఎంచుకోవాలి. పేరు ఒక్కోసారి ఇంటిపేరు ముందు, ఒక్కోసారి వెనక, కన్నడ గుమస్తా రాసిన స్పెల్లింగుతో ఉంటుంది. మా తాత పేరు "వెంకటప్ప"కు బదులు "వెంకటేశప్ప" అని ఉంది, నాలుగోసారి దొరికింది. నిల్వ 1,140 రూపాయలు. మరణ ధ్రువీకరణ పత్రం కోసం ఇంకా హిందూపురం మునిసిపాలిటీ చుట్టూ తిరుగుతున్నాం.